పరుగు బూటు: మెత్తదనాన్ని తూచిన చరిత్ర

పరుగెత్తే మనిషి పాదం నేలను ఎంత బలంతో తాకుతుందో, నేల కూడ పాదాన్ని అంత బలంతోనే తిరిగి నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం చదివిన విద్యార్థికి ఇది కొత్త సంగతి కాదు. కాని ఆ బలం ఎంత అని అడిగితే జవాబు పాఠ్యపుస్తకంలో దొరకదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పీటర్ కవనా, మారియో లాఫోర్చూన్ అనే శాస్త్రజ్ఞులు 17 మందిని నేలలో అమర్చిన బలమాపక ఫలకం మీదుగా పరుగెత్తించి, 1980లో ఆ లెక్కను ప్రకటించినారు. సెకనుకు 4.5 మీటర్ల వేగంతో పరుగెత్తేటప్పుడు ఒక కాలిపై పడే గరిష్ఠబలం శరీరభారానికి దాదాపు 2.8 రెట్లు. అనగా 60 కిలోగ్రాముల మనిషి ఒక్కొక్క అడుగులోను సుమారు 168 కిలోగ్రాముల బరువును ఒంటికాలిమీద మోస్తున్నాడన్నమాట. మడమను ముందుగా ఆనించేవారిలో అంతకు ముందే, పాదం నేలను తాకి సెకనులో ముప్పయ్యోవంతు గడవకమునుపే, గ్రాఫులో మరొక శిఖరం కనిపిస్తుంది. సమ్మెటదెబ్బ వంటిది అది. నింపాదిగా పరుగెత్తేవాడు కిలోమీటరుకు వెయ్యి అడుగులకు తక్కువ వేయడు. ప్రతిదినం ఐదు కిలోమీటర్లు సాధన చేసేవాని కాళ్లు దినానికి ఐదు వేల దెబ్బలు తింటాయి.

ఈ దెబ్బను తగ్గించే ఉపాయం మనిషికి చాలకాలంగా తెలుసు. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులను వెనుకకు లాగుకొంటాడు. బంతి ద్రవ్యవేగంలో కలిగే మార్పు ఎట్లాగూ ఒక్కటే. అది జరిగే కాలాన్ని పెంచితే బలం తగ్గుతుంది. పాదం క్రింద మెత్తని పొర ఉంటే అది అణగడానికి పట్టే కాలమంతా ఇట్లాగే కలిసివస్తుంది. అయితే మెత్తదనమొక్కటే చాలునా? చాలదనడానికి విశాఖపట్టణం సముద్రతీరాన పొడి ఇసుకలో పది గజాలు పరుగెత్తి చూచినవారే సాక్షులు. ఇసుకలో పరుగెత్తడానికి గట్టినేలపైకంటె 1.6 రెట్ల శక్తి ఖర్చవుతుందని బెల్జియం శాస్త్రజ్ఞులు 1998లో కొలిచి చెప్పినారు. ఇసుక మెత్తనిదే, కాని తీసుకొన్న శక్తిని తిరిగి ఇవ్వదు. కనుక పరుగు బూటుకు కావలసినది అణగి, మరల వెంటనే లేచే మెత్తదనం. దానికి తోడు బరువు ఉండకూడదు; నిత్యసాధనకు వాడేదైతే నెలల తరబడి ఆ గుణం చెడకూడదు. ఈ కోరికలు ఒకదానితో ఒకటి పోట్లాడేవి. పరుగు బూటు చరిత్ర అంతా ఆ పోట్లాటే.

మొదటి పదార్థం రబ్బరు. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగంలో బ్రెజిల్ నుండి అమెరికాకు పచ్చి రబ్బరు బూట్లు వచ్చేవి. ఎండకాలంలో అవి కరిగి కంపుకొట్టేవి, చలికాలంలో బిగుసుకొని పగిలేవి. చార్లెస్ గుడియర్ 1839లో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ రెండు దోషాలూ పోతాయని కనుగొన్నాడు. 1844లో అమెరికాలో పేటెంటు పొందినాడు. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ కూడ అదేకాలంలో ఈ పద్ధతిని సాధించినాడు. పచ్చి రబ్బరులోని పొడుగాటి అణువులు ఒకదానిపై ఒకటి జారిపోతాయి. గంధకం వానిమధ్య వంతెనలు కడుతుంది. లాగినప్పుడు సాగిన అణువులు ఆ వంతెనల వలన స్వస్థానానికి వస్తాయి. స్థితిస్థాపకత నిలుస్తుంది. ఇంత ఉపకారం చేసిన గుడియర్ మాత్రం అప్పులతోనే 1860లో మరణించినాడు.

గంధకం కలిపిన రబ్బరును కాన్వాసు గుడ్డకు అంటించి చేసిన తేలికపాటి బూట్లు ఇంగ్లండులో 1870 దశకంలో వ్యాప్తిలోకి వచ్చినవి. గుడ్డా రబ్బరూ కలిసేచోట చుట్టూ ఉండే పట్టీ, ఓడలకు సరకుభారం హద్దును చూపే ప్లిమ్‌సల్ గీతవలె కనిపించడంచేత జనం వానిని ప్లిమ్‌సల్ బూట్లు అన్నారు. ఓడల గీత కొరకు పోరాడిన పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సల్‌కు బూట్లతో ఏ సంబంధమూ లేదు. మన పాఠశాలలలో డ్రిల్లుకు వేసుకొనే తెల్ల కాన్వాసు బూట్లు ఈ వంశానివే.

ఈ బూటులో రబ్బరు పలుచన. మందంగా వేస్తే ఏమవుతుందో చిన్న లెక్క చెబుతుంది. పెద్దవాని బూటు అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లనుకొంటే, రెండు సెంటీమీటర్ల మందానికి ఘనపరిమాణం 400 ఘన సెంటీమీటర్లు. రబ్బరు సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే. కనుక సోలు ఒక్కటే 400 గ్రాములు తూగుతుంది. ఇట్టి బూటుతో పరుగుపందెం గెలవాలనుకొనేవాడెవడు? అందుచేత పందెగాండ్రు మెత్తదనాన్ని వదలుకొని తేలికదనాన్ని ఎన్నుకొన్నారు. ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో జోసెఫ్ విలియం ఫాస్టర్, తరువాత జర్మనీలో డాస్లర్ సోదరులు పలుచని తోలుకు ఇనుపమేకులు బిగించి చేసిన బూట్లు ఒలింపిక్ క్రీడలలో పేరుపొందినవి. సాధనకు వేరే బూటు అనే ఆలోచన అప్పటికి పెద్దగా లేదు. అసలు బూటే అవసరమా అనే ప్రశ్నను 1960లో రోము నగరంలో ఇథియోపియా వీరుడు అబెబె బికిల లేవదీసినాడు. వట్టికాళ్లతో మారథాన్ పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచినాడు. నాలుగేండ్ల తరువాత టోకియోలో బూట్లు తొడుక్కొని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మరల గెలిచినాడు. ఈ రెండు అంకెలనుబట్టి బూటు గొప్పదనమో వట్టికాలి గొప్పదనమో తేల్చబోవడం శాస్త్రపద్ధతి కాదు. ఒకే మనిషైనా దారి వేరు, వాతావరణం వేరు, ఆ నాలుగేండ్ల సాధన వేరు.

మెత్తని బూటు కావాలన్న కోరిక పందెగాండ్రనుండి కాక సామాన్యుల నుండి పుట్టినది. న్యూజీలండులో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు, బూట్ల కార్ఖానాలో పనిచేసినవాడు, నడివయస్సువారి చేత కూడ నెమ్మదిగా దూరం పరుగెత్తించేవాడు. 1962లో అక్కడికి వెళ్లిన ఓరెగన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్మన్ ఈ పద్ధతిని అమెరికాకు తెచ్చి, హృద్రోగ వైద్యుడు హారిస్‌తో కలిసి 1967లో దానిపై ఒక పుస్తకం ప్రకటించినాడు. ఆఫీసు పనిచేసేవారు, గృహిణులు తెల్లవారుజామున సిమెంటు రోడ్లమీద పరుగెత్తసాగినారు. వారికి బంగారు పతకం అక్కరలేదు. మోకాళ్లు, ముంగాలి ఎముకలు నొప్పిపెట్టకుండా మర్నాడు మరల పరుగెత్తగలిగితే చాలు. నిత్యసాధన బూటు వీరికొరకు పుట్టినది.

దానికి తగిన పదార్థం 1970 దశకం మధ్యలో దొరికినది. బ్రూక్స్ అనే బూట్ల సంస్థ అధిపతి జెర్రీ టర్నర్ అడిగిన మీదట, మొనార్క్ రబ్బరు సంస్థలోని డేవిడ్ ష్వాబర్ ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ నురుగును బూటు సోలుకు పనికివచ్చేటట్లు తయారుచేసినాడు. దీనికి క్లుప్తంగా ఇ.వి.ఎ. అని పేరు. ఇథిలీన్ ఒక్కటే గొలుసుకట్టుగా చేరితే మనకు తెలిసిన పాలిథీన్ వస్తుంది. దాని గొలుసులు వరుసగా సర్దుకొని స్ఫటికాలుగా బిగుసుకొంటాయి. మధ్యమధ్య వినైల్ ఎసిటేట్ చేరిస్తే ఆ సర్దుబాటు కుదరదు. పదార్థం రబ్బరులాగ వంగుతుంది. దీనిలో వేడికి వాయువును విడిచే ఒక రసాయనాన్ని కలిపి అచ్చులో వేడిచేస్తే లోపల కోట్లకొలది బుడగలు పుడతాయి. పులిసిన పిండి ఇడ్లీ అయినట్లే. తేడా ఏమంటే ఇడ్లీలోని గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకొని ఉంటాయి కనుక సాంబారును పీల్చుకొంటాయి; ఇ.వి.ఎ.లోని గదులు మూసుకొని ఉంటాయి కనుక నీరు ఎక్కదు, లోపలి వాయువు బయటికి పోదు. పాదం నొక్కినప్పుడు గోడలు వంగుతాయి, వాయువు అణగుతుంది. పాదం లేవగానే రెండూ తిరిగి లేస్తాయి. బజారులో దొరికే తేలిక రకం హవాయి చెప్పులలో చాలవరకు ఈ పదార్థమే.

పై లెక్కను ఇప్పుడు మరల వేయవచ్చు. ఇ.వి.ఎ. నురుగు సాంద్రత నీటిలో ఇంచుమించు ఐదోవంతు. అదే రెండు సెంటీమీటర్ల సోలు 400 గ్రాములకు బదులు 80 గ్రాములు తూగుతుంది. ఒక్క బూటుకు 320 గ్రాముల ఆదా! మెత్తదనమూ తేలికదనమూ మొదటిసారి ఒక్కచోట చేరినవి.

బూట్ల రకాలు పెరిగినకొద్దీ, ఎవరి బూటు మెత్తన అనే వివాదం కూడ పెరిగినది. దుకాణదారు బొటనవ్రేలితో నొక్కి చూపేవాడు. వ్రేలి ఒత్తిడికీ శరీరభారానికి రెండు మూడింతల దెబ్బకూ పోలిక ఎక్కడ? 1970 దశకం చివర ఒక అమెరికన్ పరుగు పత్రిక బూట్ల యోగ్యతను నిర్ణయించడానికి కవనా ప్రయోగశాలను ఆశ్రయించినది. అట్టి పరీక్షలలో ముఖ్యమైనది పడేబరువు పరీక్ష. తరువాత ప్రమాణంగా స్థిరపడిన పద్ధతిలో 8.5 కిలోగ్రాముల దిమ్మను 5 సెంటీమీటర్ల ఎత్తునుండి బూటు మడమపై వదలుతారు. మడమ నేలను తాకినప్పుడు కాలిలో హఠాత్తుగా ఆగే భాగానికి ఈ దిమ్మ ప్రతినిధి. అది ఆగేటప్పుడు కలిగే గరిష్ఠ త్వరణం ఎంత తక్కువైతే బూటు అంత మెత్తన. మెత్తదనానికి మొట్టమొదట ఒక అంకె వచ్చినది.

అంకె రాగానే ఆ అంకెకొరకు పోటీ మొదలైనది. విమాన పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాంక్ రూడీ నురుగులో వాయుసంచిని పొదిగే ఉపాయాన్ని నైకీ సంస్థకు ఇచ్చినాడు. 1978 డిసెంబరులో హొనొలులు మారథాన్ సమయాన ఆ బూట్లు మొదట అమ్మకానికి వచ్చినవి. సంచిలో గాలిని నింపితే అది కొద్దికాలానికే గోడలగుండా జారిపోతుంది. అందుచేత పెద్ద అణువులుగల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వంటి వాయువులను నింపినారు. పెద్ద అణువు నెమ్మదిగా జారుతుంది. కాని ఈ వాయువు భూమి వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువుకంటె ఇరవై వేల రెట్లకు మించినది. ఆ సంగతి గుర్తించిన తరువాత చాల ఏండ్లు శ్రమపడి 2006 నాటికి దాని స్థానంలో నైట్రోజన్‌ను ప్రవేశపెట్టినారు. కాలినొప్పి తగ్గించే సంచికీ భూగోళపు వేడికీ సంబంధం ఉంటుందని ఎవరు ఊహించినారు?

కొత్త బూటుకు వచ్చిన అంకె పాతబడిన బూటుకు నిలుస్తుందా? నిత్యసాధనకు బూటు కొనేవాడు మొదట అడగవలసిన ప్రశ్న ఇది. న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ కుక్, ఆయన తోటివారు 1985లో దీనికి జవాబు చెప్పినారు. యంత్రం చేత మైళ్ల తరబడి ‘పరుగెత్తించగా’ బూట్లు 80 కిలోమీటర్లకే తమ మెత్తదనంలో నాలుగోవంతు పోగొట్టుకొన్నవి. 400 నుండి 800 కిలోమీటర్ల మధ్య 60 శాతం కూడ మిగలలేదు. మనుషులు తొడుక్కొని పరుగెత్తిన బూట్లలో మాత్రం 800 కిలోమీటర్లకు కూడ 70 శాతం మిగిలినది. యంత్రం విరామమెరుగదు, మనిషి రాత్రి నిద్రపోతాడు, బూటు లోపలి గదులు ఆ వేళ కొంత కోలుకొంటాయని ఒక వివరణ. బూటు ధరనుబట్టిగాని, తయారుచేసినవారి పేరునుబట్టిగాని ఈ క్షీణతలో తేడా కనిపించలేదన్నది ఆ పరిశోధనలో కొనుగోలుదారుకు అన్నిటికంటె పనికివచ్చే మాట. ప్రకటనలలో అది ఎక్కడా కనిపించకపోవడం వింత కాదు.

ఇంతవరకు పరీక్ష దిమ్మమీద జరిగినది. మనిషి కాలు దిమ్మ కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో థామస్ మెక్‌మహన్, పీటర్ గ్రీన్ పరుగెత్తే కాలిని ఒక స్ప్రింగుగా భావించి లెక్కలు కట్టినారు. నేల కూడ మరొక స్ప్రింగు. రెండు స్ప్రింగులను ఒకదానిపై ఒకటి పెడితే మొత్తం బిగువు ఎట్లా మారుతుందో విద్యార్థులకు తెలుసు. నేల బిగువు తగిన పాళ్లలో ఉంటే వేగం పెరగాలని ఆ లెక్క చెప్పినది. దానినిబట్టి 1977లో హార్వర్డ్‌లో ఒక పరుగుబాట నిర్మించగా వేగం 2, 3 శాతం నిజంగానే పెరిగినది. అతి మెత్తని దిండ్లపై పరుగెత్తించినప్పుడు వేగం బాగా పడిపోయినది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేనియల్ ఫెరిస్, క్లేర్ ఫార్లీ 1998, 1999 సంవత్సరాలలో మరొక ఆశ్చర్యాన్ని బయటపెట్టినారు. మెత్తని నేల మీద మనిషి తన కాలిని తానే బిగిస్తాడు, గట్టినేలమీద సడలిస్తాడు. కాలూ నేలా కలిసిన మొత్తం బిగువు ఇంచుమించు ఒక్కటిగా ఉండేటట్లు, శరీర గరిమనాభి పైకీ క్రిందికీ ఊగే తీరు మారకుండేటట్లు కాలు సర్దుకొంటుంది. మెత్తనినేలనుండి గట్టినేలకు మారేచోట ఈ సర్దుబాటు మొదటి అడుగులోనే జరిగిపోతుంది! బూటు మెత్తబడినకొద్దీ కాలు బిగుసుకొంటే, యంత్రం చూపిన లాభమంతా కాలికి అందుతుందనే నమ్మకం లేదు. ఫిన్లండులో కుల్మల, ఆయన సహచరులు 2018లో దీనినే బూట్లతో పరీక్షించినారు. మామూలు బూటునూ, చాల మందమైన మెత్తని బూటునూ 12 మందికి తొడిగి చూచినారు. గంటకు 14.5 కిలోమీటర్ల వేగంలో మెత్తనిబూటు తొడిగినప్పుడే తొలిదెబ్బ పది శాతానికి మించి ఎక్కువగా ఉన్నది. దిమ్మకు మెత్తనైనది కాలికి గట్టిగా తగిలినది.

బరువు విషయంలో మాత్రం సందేహం లేదు. కాలు లోలకం వంటిది. దాని కొసన తగిలించిన ప్రతి గ్రామునూ అడుగడుగునా ముందుకు ఈడ్చి, ఆపి, మరల ఈడ్చవలసి ఉంటుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో రాడ్జర్ క్రామ్ ప్రయోగశాలలో వౌటర్ హూగ్‌కామర్ 18 మంది బూట్లలో వారికి తెలియకుండా సీసపు గుళ్లు దాచినాడు. బూటుకు 100 గ్రాములు పెరిగితే శక్తి వినియోగం 1.11 శాతం పెరిగినది. 3,000 మీటర్ల పరుగుకు పట్టిన కాలం 0.78 శాతం పెరిగినది. 2016లో ఈ ఫలితం వెలువడినది. అంతకు రెండేండ్లముందు అదే ప్రయోగశాలలో ట్రెడ్‌మిల్లు పట్టాకే సెంటీమీటరు మందం నురుగు అతికించి, దానిపై వట్టికాళ్లతో పరుగెత్తించినారు. మెత్తదనం కాలికి దక్కినది, బరువు దక్కలేదు. శక్తి వినియోగం ఒకటిన్నర శాతానికి పైగా తగ్గినది. గట్టి పట్టాపై వట్టికాళ్లతో పరుగెత్తినా, తేలిక బూటుతో పరుగెత్తినా ఖర్చు ఒక్కటే అయినది. బూటు మెత్తదనంతో చేసిన ఉపకారాన్ని బరువుతో చెరిపివేసుకొన్నదన్నమాట. ‘తేలిక’, ‘మెత్తన’ అనే మాటలను జంటగా ఎందుకు వాడతారో ఈ రెండు ప్రయోగాలు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

ఈలోగా అభిరుచి లోలకంవలె ఊగినది. 2010 జనవరిలో హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు డేనియల్ లీబర్మన్, వట్టికాళ్లతో పరుగెత్తే అలవాటుగలవారు మునివ్రేళ్లవైపు ముందుగా ఆనిస్తారని, వారిలో ఆ తొలి సమ్మెటదెబ్బ ఉండదని చూపినాడు. వెంటనే పలుచని బూట్లకు గిరాకీ పెరిగినది. అయితే 2013లో కెన్యా ఉత్తరాన దాసనచ్ తెగవారిని పరిశీలించగా, వట్టికాళ్లవారే అయినా నింపాది పరుగులో చాలమంది మడమనే ముందుగా ఆనించినారు. పలుచని బూట్లతో గాయాలు తగ్గుతాయని ప్రచారం చేసిన ఒక సంస్థ 2014లో అమెరికాలో వ్యాజ్యాన్ని రాజీ చేసుకొని 37 లక్షల 50 వేల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నది. అటుపక్క ఫ్రాన్సులో 2009లో స్థాపితమైన హోకా సంస్థ దిండువంటి సోళ్లతో ముందుకు వచ్చినది. పలుచనివాటి సంత ఇట్లా చల్లబడి, మందమైనవాటి సంత వేడెక్కినది.

పదార్థాలు కూడ మారినవి. 2013లో అడిడాస్ సంస్థ, జర్మనీ రసాయన సంస్థ బి.ఎ.ఎస్.ఎఫ్. తయారుచేసిన పాలియురిథేన్ పూసలను ఆవిరితో అతికించి సోలు చేసినది. అడిడాస్ బూట్లు తయారయ్యే కార్ఖానాలలో ఒకటి తిరుపతి జిల్లా తడ సమీపాన మాంబట్టులో ఉన్నది. 2017లో నైకీ సంస్థ పీబాక్స్ అనే పాలిమరు నురుగుతో, మధ్యలో కార్బను నారల ఫలకంతో పందెపు బూటు విడుదల చేసినది. హూగ్‌కామర్ బృందం కొలతలో మామూలు నురుగు బూటు తీసుకొన్న శక్తిలో 65.5 శాతం, అడిడాస్ బూటు 75.9 శాతం, పీబాక్స్ బూటు 87 శాతం తిరిగి ఇచ్చినవి. పీబాక్స్ బూటు మిగిలిన రెంటికంటె రెండింతలు అణగినది కూడ. బరువులు సమానంచేసి 18 మందిని పరీక్షించగా శక్తి ఆదా సగటున 4 శాతం. ఈ పరిశోధనకు ధనసహాయం తయారీ సంస్థదే కనుక శంకించడం న్యాయమే. కాని తరువాత ఇతర ప్రయోగశాలలలోను చెప్పుకోదగిన ఆదా కనిపించినది. ఫలకానికి అడ్డంగా కోతలు పెట్టి దాని బిగువును చెడగొట్టినా ఆదా దాదాపు అట్లాగే నిలిచినదని మరొక ప్రయోగం. అనగా ఘనత చాలవరకు నురుగుదే. 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య రోడ్డు పందాల బూట్ల సోలు 40 మిల్లీమీటర్లు మించరాదని, ఫలకం ఒక్కటే ఉండాలని నియమం చేసినది. నిత్యసాధనకు ఆ హద్దు లేదు.

శక్తి ఆదా పందెగానికి ముఖ్యం. సాధన చేసేవాని ప్రశ్న వేరు: గాయాలు తగ్గుతాయా? లక్సెంబర్గులో దీనిని అసలైన పద్ధతిలో పరీక్షించినారు. చూపునకు ఒకే మాదిరిగా ఉండి సోలు బిగువులో మాత్రం తేడాగల రెండు రకాల బూట్లు చేయించి, ఎవరికి ఏవి వచ్చినవో పరుగెత్తేవారికిగాని పరిశోధకులకుగాని తెలియకుండా చీట్లు తీసినట్లు పంచినారు. మొదటి ప్రయోగం 247 మందితో; 2014లో ఫలితం వచ్చినది. తేడా లేదు. ‘మెత్తదనం వట్టిది’ అని పలువురు తీర్పు చెప్పినారు. లోరాన్ మాలిసూ నాయకత్వాన రెండవ ప్రయోగం 848 మందితో, ఆరు నెలలపాటు జరిగి, ఫలితం 2020లో వెలువడినది. ఈసారి గట్టిబూటువారికి గాయం కలిగే అవకాశం మెత్తని బూటువారికంటె 1.52 రెట్లని తేలినది. రెండవ ప్రయోగంలో బూట్ల బిగువుల మధ్య తేడా కూడ ఎక్కువే. చిన్న సంఖ్యతో, చిన్న తేడాతో చేసిన ప్రయోగంలో ‘కనిపించలేదు’ అనేమాటకు ‘లేదు’ అని అర్థం కాదు. గణితపాఠంలో సంభావ్యత బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మరొక చిక్కు మిగిలినది. మెత్తని బూటు మేలు శరీరభారం తక్కువగల వారిలోనే స్పష్టంగా కనిపించినది; బరువైనవారిలో నిశ్చయంగా చెప్పదగినంత తేడా లేదు. అంగడివారు చెప్పేది దీనికి తలక్రిందులు: బరువైనవారికే మెత్తని దిండు కావాలని! పడేబరువు పరీక్షలో దిమ్మ అందరికీ ఒక్కటే. బరువైనవాని క్రింద అదే నురుగు పూర్తిగా అణగిపోయి అడుగంటుతుందేమో ఆ అంకె చెప్పలేదు. మెత్తని బూటుతో కాలి దెబ్బ పెరిగిన ఫిన్లండు ప్రయోగమూ, మెత్తని బూటుతో గాయాలు తగ్గిన లక్సెంబర్గు ప్రయోగమూ ఇంకా పూర్తిగా పొత్తు కుదరలేదు. దెబ్బ అంకె ఒక్కదానినిబట్టి గాయాన్ని ఊహించడం కుదరదన్నంతవరకు మాత్రం తేలినది.

వట్టికాళ్లతో పరుగెత్తే పిల్లలు మన గ్రామ పాఠశాలలలో ఇప్పటికీ అరుదు కారు. ఖరీదైన బూటు లేనిదే పరుగు రాదని వారిని ఎవరైనా భయపెడితే బికిలను చూపవచ్చు. బూటు కొనగలవారు మాత్రం ఏ బూటు ఎంత మెత్తనో, ఎంత శక్తి తిరిగి ఇస్తుందో ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. ఒక ఉక్కుగుండును మీటరుబద్ద పక్కగా 50 సెంటీమీటర్ల ఎత్తునుండి సోలుపై వదలాలి. అది 25 సెంటీమీటర్లు ఎగిరితే తిరిగివచ్చిన శక్తి సగం. కాన్వాసు బూటు, హవాయి చెప్పు, కొత్త నురుగు బూటు, ఇసుకతట్ట వరుసగా పరీక్షిస్తే అంకెలు బాగా వేరుగా వస్తాయి. గుండు చిన్నది, తాకే కాలం పాదంకంటె చాల తక్కువ కనుక ఈ అంకెలు పోల్చడానికేగాని పాదానికి నేరుగా వర్తించవు. రెండవ ప్రయోగానికి ఓపిక కావాలి. మడమభాగంపై చిన్న చెక్కపలక పెట్టి, ఐదేసి కిలోల తూకపురాళ్లు ఒక్కొక్కటే పెంచుతూ ప్రతిసారీ సోలు మందాన్ని వెర్నియర్ కాలిపర్సుతో కొలవాలి. తరువాత ఒక్కొక్కటే తీస్తూ మరల కొలవాలి. బరువు ఒక అక్షంపై, అణగిన మేర మరొక అక్షంపై గీస్తే ఎక్కేటప్పటి వక్రమూ దిగేటప్పటి వక్రమూ ఒకదానిపై ఒకటి పడవు. రెంటిమధ్య వైశాల్యమే వేడిగా పోయిన శక్తి. ఆ గ్రాఫును తేదీ వేసి దాచి, అదే బూటును ఒక ఋతువంతా సాధనకు వాడిన తరువాత మరల గీస్తే, కుక్ బృందం కొలిచినది విద్యార్థుల కాగితంమీదనే కనిపిస్తుంది.